వేలు తడబడిన చోటే ఓనమాలు

యూజర్ ఎక్స్‌పీరియన్స్ (యూఎక్స్) డిజైన్ నేర్చుకోవాలనుకునేవారు ముందుగా అడిగే ప్రశ్న చాలావరకు ఒకటే: ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి? దీనికి కోచింగ్ సెంటర్ల నుంచి ఆన్‌లైన్ కోర్సుల దాకా జవాబులు సిద్ధంగా ఉన్నాయి. కొందరు ఫిగ్మా నేర్చుకోమంటారు. కొందరు మనస్తత్వశాస్త్రం నుంచి తీసిన సూత్రాల పట్టిక చేతికిచ్చి కంఠస్థం చేయమంటారు. ఇంకొందరు నాలుగైదు మెట్ల ప్రక్రియ ఒకటి గీసి, వరసగా ఎక్కితే చాలంటారు. పనిముట్టు, సూత్రం, ప్రక్రియ అనే ఈ మూడు జవాబుల్లోనూ నిజం ఉంది. అయితే ఈ విద్య ఎలా పుట్టిందో, ఏ ఆధారాల మీద నిలబడిందో, ఇవాళ మన చేతిలోని ఫోన్లలో ఏం జరుగుతోందో కలిపి చూస్తే, ఈ మూడింటికీ ముందు నేర్వాల్సింది ఒకటుందని తేలుతుంది. మనిషి తడబడిన చోట ఆగాలి, ఆ తడబాటుకు కారణం మనిషిలో కాక వస్తువులో వెతకాలి. యూఎక్స్‌కు ఓనమాలు ఇవే. ఇవి దిద్దకుండా పనిముట్టు పట్టుకున్నవారు అందమైన తెరలు గీయగలరేమో కానీ, ఆ తెరలు ఎందుకు పనిచేయడం లేదో చెప్పలేరు.

ఈ విద్య మూలాలు కంప్యూటర్ కంటే ముందే, విమానాల్లో ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా నేలమీద దిగాక కూడా పొట్టమీద కూలబడుతుండేవి. దిగిన తర్వాత రెక్కలకున్న ఫ్లాప్‌లను సర్దబోయిన పైలట్ పొరపాటున చక్రాలను లోపలికి ముడిచేసేవాడు. ఇది పైలట్ తప్పని రికార్డుల్లో రాసుకుంటూ పోయారు. మనస్తత్వవేత్త అల్ఫాన్స్ చాపానిస్ కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే, చక్రాల మీట, ఫ్లాప్‌ల మీట పక్కపక్కనే ఉన్నాయి, రెండూ ఒకేలా ఉన్నాయి. ఆయన చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రాన్ని, ఫ్లాప్‌ల మీటకు రెక్కలాంటి ముక్కను తగిలించారు. చీకట్లో, అలసటలో, కన్ను చూడకపోయినా వేలికి తేడా తెలిసింది. నేటికీ విమానాల్లో చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది. 1947లో పాల్ ఫిట్స్, రిచర్డ్ జోన్స్ ఇలాంటి 460 ‘పైలట్ తప్పిదాలను’ సేకరించి పరిశీలించారు. ఒకే రకం తప్పులు వేర్వేరు మనుషులు, వేర్వేరు చోట్ల మళ్లీ మళ్లీ చేస్తున్నారని తేలింది. ఒకే చోట వందమంది జారిపడితే వందమందికీ నడక రాదనం, నేల చూస్తాం. ఆడలేక మద్దెల ఓడు అన్నదాన్ని మనవాళ్లు సామెత చేశారు. ఈ రంగం మాత్రం మద్దెల నిజంగానే ఓడు అయివుండొచ్చన్న అనుమానంతో మొదలైంది.

1979 మార్చిలో పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం ఈ అనుమానాన్ని రుజువు చేసింది. రియాక్టర్ ఒత్తిడి తగ్గించే వాల్వ్ ఒకటి తెరుచుకుని, మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లోని దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం చెప్పేది వాల్వ్‌కు ‘మూసుకో’ అన్న ఆదేశం వెళ్లిందా లేదా అన్నదొక్కటే. వాల్వ్ మూసుకుందో లేదో దానికి తెలియదు. సిబ్బంది మూసుకుందనే అనుకున్నారు. రెండు గంటలకు పైగా లోపలి నీరు బయటికి పోతూనే ఉంది. ఆ తర్వాత కంట్రోల్ రూమ్‌ను పరిశీలించిన వారిలో మనస్తత్వవేత్త డాన్ నార్మన్ ఒకరు. సిబ్బంది సమర్థులే, ఆ గదిని తీర్చిన తీరే వారిని తప్పుదోవ పట్టించిందన్న ఎరుక ఆయన తర్వాతి కృషికి పునాది అయింది. 1988లో ఆయన రాసిన పుస్తకం తలుపు పిడులు, పొయ్యి మీటలు, నీటి కుళాయిల మీద నడుస్తుంది. వస్తువు ఏ పనికి వీలిస్తుంది, ఆ వీలు ఉందని ఎలా కనిపిస్తుంది, చేసిన పని జరిగిందని ఎలా తెలుస్తుంది, ఏ మీట దేన్ని కదిలిస్తుందో అమరికలోనే తెలుస్తోందా అన్నవి అందులోని మౌలిక ప్రశ్నలు. 1993లో యాపిల్‌లో చేరాక ఆయన తన హోదాలో ‘యూజర్ ఎక్స్‌పీరియన్స్’ అన్న మాట పెట్టుకోవడంతో ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది. పేరు పుట్టేనాటికే విద్యకు అర్ధ శతాబ్దం వయసుంది.

ఈ నేపథ్యంలో మొదటి జవాబును, అంటే పనిముట్టును తూచి చూడాలి. పనిముట్లు ఎంత త్వరగా మారాయో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. ఒకప్పుడు తెరలు ఫొటోషాప్‌లో, ఫైర్‌వర్క్స్‌లో గీసేవారు. ఫైర్‌వర్క్స్ అభివృద్ధిని అడోబి 2013లో ఆపేసింది. 2010లో వచ్చిన స్కెచ్ కొన్నేళ్లు ఏలింది. 2016లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఫిగ్మా దాని స్థానం తీసుకుంది. ఒకప్పుడు ప్రతి డిజైన్ బృందం వాడిన ఇన్‌విజన్ 2024 చివరలో మూతపడింది. చాపానిస్ రబ్బరు చక్రం మాత్రం ఎనభై ఏళ్లుగా అలాగే ఉంది. దీనికి గట్టి అభ్యంతరం ఉంది: ఉద్యోగమిచ్చేవారు ఫిగ్మా వచ్చా అని అడుగుతున్నారు, పోర్ట్‌ఫోలియో చూపించమంటున్నారు, పనిముట్టు రాని అభ్యర్థిని గుమ్మంలోనే ఆపేస్తారు. ఇది నిజమే, జీవనోపాధి విషయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ పనిముట్టు గుమ్మం దాటిస్తుందే తప్ప లోపల నిలబెట్టదు. ఫిగ్మా ప్రాథమికాంశాలు కొన్ని వారాల్లో పట్టుబడతాయి. ‘ఈ బటన్ ఇక్కడెందుకు పెట్టావు?’ అన్న ప్రశ్నకు జవాబివ్వడం వారాల్లో రాదు. పాతిక తెరల పోర్ట్‌ఫోలియో కంటే, ఫలానా చోట ఐదుగురు ఆగిపోయారు, అందుకని ఇలా మార్చాను, మార్చాక ఇలా జరిగింది అని చెప్పగల ఒక్క తెర ఎక్కువ బలంగా మాట్లాడుతుంది.

రెండో జవాబు సూత్రాలు. వీటిలో కొన్నింటికి ప్రయోగాల బలం ఉంది. 1954లో అదే పాల్ ఫిట్స్ చూపించిన సూత్రం ప్రకారం, ఒక లక్ష్యాన్ని చేరడానికి పట్టే సమయం దాని దూరం మీద, పరిమాణం మీద ఆధారపడుతుంది. ఫోన్ తెర మీద బటన్ పెద్దదిగా, బొటనవేలికి అందేలా ఉండాలనడానికి మూలం అదే. ఎంపికలు పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయం పెరుగుతుందని 1952లో హిక్, 1953లో హైమన్ కొలిచి చూపారు. జాకబ్ నీల్సన్ 1994లో తుదిరూపమిచ్చిన పది మార్గసూత్రాలు నేటికీ ప్రతి పాఠ్యక్రమంలో ఉన్నాయి. యంత్రం ఏం చేస్తోందో ఎప్పటికప్పుడు తెలియాలి, జనం భాషలో మాట్లాడాలి, తప్పడుగు వేస్తే వెనక్కి వచ్చే దారి ఉండాలి అన్నవి వాటిలో కొన్ని. చిక్కల్లా, సూత్రం దాన్ని పుట్టించిన పరిశీలన నుంచి విడిపోయినప్పుడు వస్తుంది. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసం మనిషి తాత్కాలిక జ్ఞాపకంలో ఏడు, అటూఇటూ రెండు అంశాలు నిలుస్తాయన్నది. దాన్ని పట్టుకుని మెనూలో ఏడుకు మించి ఎంపికలు ఉండకూడదనే నియమం ఎందరో బోధించారు. మెనూ కళ్లెదుటే ఉంటుంది, దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు. పైగా ఆ సంఖ్య నాలుగుకు దగ్గరని 2001లో నెల్సన్ కోవన్ వాదించారు. సూత్రం ఎక్కడ పుట్టిందో తెలియనివారు దాన్ని ఎక్కడ వాడకూడదో కూడా తెలుసుకోలేరు.

సూత్రాలు బాగా వచ్చిన నిపుణుల అంచనా మీద పూర్తిగా ఆధారపడవచ్చా? డెన్మార్క్‌కు చెందిన రోల్ఫ్ మోలిక్ ఈ ప్రశ్నకు దగ్గరి పరీక్ష ఒకటి చేశారు. నీల్సన్‌తో కలిసి ఆ మార్గసూత్రాల తొలి రూపాన్ని తయారుచేసింది కూడా ఆయనే. 1990ల చివర్లో తొమ్మిది నిపుణుల బృందాలు విడివిడిగా హాట్‌మెయిల్‌ను పరీక్షించాయి. అన్నీ కలిపి 310 సమస్యలు బయటపెట్టాయి. వాటిలో నాలుగింట మూడు వంతులు ఒక్కో బృందం కంట మాత్రమే పడ్డవి. నిపుణులు పనికిరారని దీని అర్థం కాదు. ఒకరి కన్ను ఎంత శిక్షణ పొందినా అది ఒక్కరి కన్నే అని దీని అర్థం. ఇప్పుడే అడుగుపెట్టిన వ్యక్తికి ఇందులో ధైర్యం ఉంది, హెచ్చరికా ఉంది. పెద్దలకే అన్నీ కనబడనప్పుడు తనకు కనబడకపోవడం సిగ్గుపడే విషయం కాదు. అయితే ‘నాకు బాగానే ఉంది’ అన్న మాటకు ఈ విద్యలో విలువ లేదు.

మూడో జవాబు ప్రక్రియ. 1985లో ఐబీఎం పరిశోధకులు జాన్ గౌల్డ్, క్లేటన్ లూయిస్ మూడు మాటలు చెప్పారు: మొదటి నుంచీ వాడేవారి మీద, వారి పనుల మీద దృష్టి పెట్టండి; వారు వాడుతుండగా కొలవండి; దిద్ది మళ్లీ పరీక్షించండి. ఇవి అందరికీ తెలిసినవే అనిపిస్తాయి, ఆచరణలో మాత్రం కనిపించవు అని కూడా వారే రాశారు. తర్వాత వచ్చిన ప్రక్రియలన్నీ, బ్రిటన్ డిజైన్ కౌన్సిల్ ప్రచారం చేసిన జంట వజ్రాల చిత్రంతో సహా, ఈ మూడు మాటల విస్తరణలే. వీటికున్న ప్రమాదం పరీక్ష పేపర్లో ఖాళీలు నింపినట్టు నింపేయడం. అలన్ కూపర్ 1990ల చివర్లో ప్రచారంలోకి తెచ్చిన ‘పర్సోనా’ అనే పద్ధతి నిజమైన మనుషులతో మాట్లాడి, వారి నుంచి ఒక నమూనా వ్యక్తిని తీర్చుకోవడానికి ఉద్దేశించింది. కోర్సు పూర్తి చేయాలన్న తొందరలో దాన్ని ఊహించి రాసేస్తే, 28 ఏళ్లు, కాఫీ ఇష్టం, ప్రయాణాలంటే ప్రాణం అన్న బొమ్మ మిగులుతుంది. ఆ బొమ్మ ఎన్నడూ తడబడదు. తడబడని మనిషి నుంచి డిజైనర్ నేర్చుకునేది ఏమీ ఉండదు.

ఎందరిని పరిశీలించాలన్న ప్రశ్న మీద ఈ రంగంలో జరిగిన చర్చ కొత్తవారు తప్పక చదవాల్సింది. నీల్సన్, థామస్ లాండావర్ 1993లో లెక్కగట్టి, ఒక్కో మనిషి సగటున 31 శాతం సమస్యలను బయటపెడతాడన్నారు. దాన్నిబట్టి ఐదుగురు చాలు, సుమారు 85 శాతం తెలుస్తాయని 2000లో నీల్సన్ రాశారు. మరుసటి ఏడే జేర్డ్ స్పూల్, విల్ ష్రోడర్ కొనుగోలు వెబ్‌సైట్లను పరీక్షించి, మొదటి ఐదుగురు 35 శాతమే పట్టుకున్నారని చూపారు. 2003లో లారా ఫాక్‌నర్ 60 మందిని పరీక్షించి, వారిలోంచి ఐదుగురేసి గుంపులను తీసి చూశారు. సగటు 85 శాతమే వచ్చింది, కానీ ఒక గుంపుకు 55 శాతమే దొరికింది. ఈ వాదాల సారం తీస్తే, ఐదు అనేది మంత్రసంఖ్య కాదు. పని క్లిష్టమైతే, వాడేవారిలో వైవిధ్యం ఎక్కువైతే ఇంకా ఎక్కువ మంది కావాలి. అయినా సున్నాకీ ఐదుకీ ఉన్న దూరం ఐదుకీ యాభైకీ ఉన్న దూరం కంటే చాలా పెద్దది. నీల్సన్ ఉద్దేశం కూడా ఐదుగురితో ఆగిపోమని కాదు. చూడండి, దిద్దండి, మళ్లీ ఐదుగురిని చూడండి అనే. చిన్న ఊళ్లో, లాబ్ లేకుండా, కాగితం మీద పెన్సిల్‌తో గీసిన తెరలతో కూడా ఇది చేయొచ్చు. అడగాల్సింది అనుమతి, కావాల్సింది ఓపిక.

మన దగ్గరి సాక్ష్యం దీన్ని ఇంకా గట్టిగా చెబుతుంది. 2016లో మొదలైన యూపీఐలో డబ్బు పంపమని అవతలివారిని కోరే ‘కలెక్ట్ రిక్వెస్ట్’ సదుపాయం ఉండేది. మీకు డబ్బు వస్తుంది, ఒప్పుకుని పిన్ కొట్టండి అని మోసగాళ్లు నమ్మించేవారు. అవతలివాడు పంపిన కోరికను ఒప్పుకోవడం, డబ్బు అందుకోవడం ఒకటేనన్న భ్రమ సులువుగా కలిగేది. పిన్ కొట్టగానే డబ్బు పోయేది. డబ్బు అందుకోవడానికి పిన్ అక్కర్లేదని బ్యాంకులు ఏళ్ల తరబడి ప్రచారం చేశాయి. చివరికి 2025 అక్టోబర్ 1 నుంచి వ్యక్తుల మధ్య ఆ సదుపాయాన్నే తీసేశారు. బీ-17 కథ ఇక్కడ మళ్లీ నడిచింది: మొదట మనిషికి జాగ్రత్తలు చెప్పారు, చివరికి మీటను మార్చారు. దీనికి ఎదురుగా దుకాణాల్లోని సౌండ్‌బాక్స్‌ను పెట్టి చూడండి. కూరగాయలు తూచే చేతికి, దోసె తిప్పే చేతికి ఫోన్ తీసి మెసేజ్ చదివే తీరిక ఉండదు. కొన్నవారు తమ ఫోన్ తెర చూపించి వెళ్లిపోతే నమ్మాలో లేదో తెలియదు. ఇన్ని రూపాయలు అందాయని తెలుగులో గట్టిగా చెప్పే చిన్న పెట్టె ఆ సందేహం తీర్చింది. యంత్రం ఏం చేసిందో తెలియాలన్న నీల్సన్ మొదటి సూత్రానికి ఇంతకంటే మంచి ఉదాహరణ పాఠ్యపుస్తకంలో దొరకదు. అది తట్టాలంటే సూత్రం తెలిస్తే చాలదు, బండి దగ్గర నిలబడి చేతులు ఎలా కదులుతున్నాయో చూడాలి.

తెలుగులో పనిచేసే డిజైనర్‌కు చూడాల్సినవి మరికొన్ని ఉన్నాయి. మన లిపిలో గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి. ఇంగ్లీషు అక్షరాల కోసం కొలిచిన వరుసల మధ్య ‘రాష్ట్రం’ అని రాస్తే కింది వత్తు కోతపడుతుంది, లేదా పక్క వరుసకు తగులుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం తెరమీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి, దాన్ని సరిదిద్దడానికి యాపిల్ ప్రత్యేకంగా కొత్త వెర్షన్ విడుదల చేయాల్సి వచ్చింది. ఇంట్లో, బజారులో ఎవరూ పలకని గ్రాంథిక అనువాదాలు బటన్లమీద చేరితే, తెలుగు చదవగలిగినవారు కూడా ఇంగ్లీషుకే మారిపోతారు. చదువురాని వారి సంగతికొస్తే, బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంద్రాణి మేధి చేసిన పరిశోధన మార్గదర్శకం. అక్షరాలు లేకుండా బొమ్మలు, గొంతు సాయంతో నడిచే తెరలను ఆమె పేద కుటుంబాల మధ్య కూర్చుని తయారుచేశారు. ఒకదాని లోపల ఒకటిగా దాగిన మెనూలు తక్కువ చదువుకున్నవారికి పెద్ద అడ్డంకి అని కూడా ఆ పరిశోధనల్లో తేలింది. 2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను వాట్సాప్‌లోనే మొదలుపెట్టడం వెనకున్న ఆలోచన కూడా ఇటువంటిదే: కొత్త యాప్ నేర్పడం కంటే చేతికి అలవాటైన చోటికి సేవను తేవడం. అది ఎంతమందికి ఎంత సులువైందన్నది మళ్లీ పక్కన కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

జనానికి ఏం కావాలో జనానికే తెలియదు, వారిని అడిగి గొప్ప వస్తువులు తయారు కావు అన్నది ఈ వాదానికి తరచూ ఎదురయ్యే అభ్యంతరం. ఇందులో సగం ఒప్పుకోవాలి. అడిగితే మనుషులు మర్యాదకు బాగుందంటారు, గుర్తున్నదే చెబుతారు. అయితే చూడటం వేరు, అడగటం వేరు. బెల్ లాబ్స్ వారు బటన్ల ఫోన్ తయారుచేసేటప్పుడు అంకెల అమరికలు ఎన్నో పెట్టి, ఏది నచ్చిందని అడగడంతో ఆగకుండా ఎంత వేగంగా నొక్కుతున్నారు, ఎన్ని తప్పులు చేస్తున్నారు అన్నది కొలిచారు. ఇవాళ ప్రతి ఫోన్‌లోనూ ఉన్న అమరిక అలా నిలిచిందే. చదువుకున్నవారికి ఈ గొడవ ఉండదన్న వాదమూ నిలవదు. మన ఊళ్లలో ఫొటోకాపీకి పేరైపోయిన జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో 1980లలో మానవశాస్త్రవేత్త లూసీ సక్‌మన్ ఒక కాపీ యంత్రంతో మనుషులు పడే అవస్థను వీడియో తీశారు. అందులో అవస్థపడిన ఒకరు ఆలెన్ న్యూవెల్, కృత్రిమ మేధకు పునాది వేసినవారిలో ఒకరు.

ఆ కృత్రిమ మేధ పేరుతోనే నేటి అభ్యంతరం వస్తోంది: ఒక్క వాక్యం రాస్తే తెరలన్నీ తయారవుతున్నప్పుడు ఇదంతా ఎందుకు నేర్వాలి? గీయడం చవకైన కొద్దీ, గీసింది సరైనదో కాదో తేల్చగల చూపు ఖరీదు పెరుగుతుంది. యంత్రం పాత తెరల సగటును ఇస్తుంది. కడపలోని పింఛనుదారు వేలిముద్ర ఎందుకు పడటం లేదో ఆ సగటులో ఉండదు. పనిముట్టుతోనే మొదలుపెట్టినవారికి ఈ మార్పు భయం కలిగించడం సహజం. చూడటంతో మొదలుపెట్టినవారికి ఇది చేతికి అందిన మరో పనిముట్టు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. వేలు ఎక్కడ జారుతుందో తెలిసినవాడు అక్కడ గొయ్యి కూడా తవ్వగలడు. రద్దు చేసుకునే దారిని దాచడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం, ధరను చివరి తెరలో పెంచడం, వద్దన్నవారిని సిగ్గుపడేలా చేయడం, ఇవన్నీ మనుషులను బాగా చదివినవారు చేసినవే. 2010లో హ్యారీ బ్రిగ్నల్ వీటికి ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు పెట్టారు. 2023 నవంబరులో మన దేశం ఇలాంటి 13 రకాలను గుర్తించి నిషేధిస్తూ మార్గదర్శకాలు తెచ్చింది. కాబట్టి చూడటం నేర్పడంతో పాటు ఎవరి పక్షాన నిలబడి చూడాలో కూడా మొదటి రోజే నేర్పాలి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ పక్షాన్ని స్పష్టం చేసింది. యాసిడ్ దాడికి గురైనవారు, చూపు లేనివారు కెమెరా ముందు కళ్లార్పి తమను తాము రుజువు చేసుకోలేక బ్యాంకు సేవలకు దూరమయ్యారు. డిజిటల్ సేవలను అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించింది. కళ్లార్పమన్న ఆ తెరను గీసినవారిలో దురుద్దేశం ఉండి ఉండదు. ఆర్పలేని కళ్లను వారు చూసి ఉండరు, అంతే.

అందుకే కొత్తవారికి చెప్పాల్సిన వరుస మారాలి. మొదటి నెల ఏ సాఫ్ట్‌వేరూ తెరవక్కర్లేదు. బస్సు టికెట్టు బుక్ చేసేవారి పక్కన, కరెంటు బిల్లు కట్టేవారి పక్కన, మీసేవ కౌంటర్ దగ్గర అనుమతి తీసుకుని కూర్చోవాలి. సాయం చేయబోయే చేతిని ఆపుకుని, వారు ఎక్కడ ఆగారో, ఏమనుకున్నారో, తెర ఏమందో రాసుకోవాలి. రెండో నెల ఆ రాతలు పక్కన పెట్టుకుని నార్మన్‌ను, నీల్సన్‌ను చదివితే ప్రతి సూత్రానికీ ఒక ముఖం గుర్తొస్తుంది. మూడో నెల కాగితం మీద గీసి, అదే మనుషులకు చూపించి, దిద్ది, అప్పుడు ఫిగ్మా తెరిస్తే, గీయాల్సింది ఏమిటో చేతికి ముందే తెలిసి ఉంటుంది. ఏ తెర దగ్గరైనా ఎవరో ఒకరు ‘నాకు ఇవన్నీ తెలియవు బాబూ’ అని నొచ్చుకుంటూ ఫోన్‌ను పక్కవారి చేతిలో పెడతారు. ఆ మాట విన్నప్పుడు తెలియనిది ఆ మనిషికి కాదు, ఆ తెరను గీసినవారికని అనిపించిన రోజున ఓనమాలు వచ్చినట్టు.